జేబులో వెచ్చబెట్టిన మందు

తలుపు మాత్రం తెరుచుకోలేదు.

కొడుకు ఇప్పటికి నాలుగుసార్లు తట్టాడు. మొదటిసారి వేళ్ళతో, రెండోసారి పిడికిలితో, మూడోసారి అరచేత్తో. నాలుగోసారి తట్టాడనడం కంటే బాదాడనడమే న్యాయం. ఆ చప్పుడుకి పెద్ద సిస్టరు చేతుల్లో ఉన్న పదకొండు రోజుల పసిగుడ్డు ఉలిక్కిపడి, రెండు చేతులూ గాల్లోకి చాచి మళ్ళీ ముడుచుకుంది.

"తొమ్మిదింటికల్లా రమ్మంది డాక్టరమ్మ. ఎనిమిదిన్నరైంది. కింద ఆటో వచ్చి పావుగంటైంది. వింటున్నావా?"

"వింటున్నాను. చెవులకి కుట్లు పడలేదుగా," అంది కోడలు లోపలినుంచి.

"మరి తియ్యి."

"తియ్యను. నేను రాను."

"రెండు కుట్లు ఊడిపోయాయే తల్లీ! మళ్ళీ వెయ్యకపోతే పుండు ముదురుతుందని చెప్పలేదూ ఆవిడ? ఎంతసేపు? రెండంటే రెండే!"

"ఆ రెండూ నువ్వు వేయించుకో."

అతను అమ్మవైపు తిరిగి, 'చూశావా దీని వరస' అన్నట్టు చేతులు తిప్పాడు. అమ్మ చూడలేదు. ఆవిడ పసిదాని చెవి వెనక ఆరిపోయిన పాల చారని బొటనవేలితో తుడుస్తోంది. అక్కడ చార పోయి చాలాసేపయింది.

పెద్ద సిస్టరంటే ఆ ఇంటికి అత్తగారే. ఆసుపత్రిలో కాన్పుల గదికి ఇరవై ఏడేళ్ళుగా పెద్ద నర్సు. హస్తవాసి మంచిదని పేరు. ఈ వీధిలో పిల్లలు సగంమంది ఆవిడ చేతుల్లో పడ్డవాళ్ళే. కోడలికి నెలలు నిండాక డాక్టరు పక్క గదిలోనే ఉన్నా, "నా మనవరాలు నా చేతుల్లోకే రావాలి" అని పట్టుబట్టి కాన్పు తనే చేసింది. కుట్లూ తనే వేసింది. ఏడు.

ఆ ఏడింటికీ కోడలు ఆసుపత్రి కప్పు లేచిపోయేలా అరిచింది. అలా అరిచే మనిషి కాదు. సిటీ బస్సులో కండక్టరు. ఒకసారి బస్సు తలుపులో వేలు నలిగితే చేతిరుమాలు చుట్టుకుని చివరి ట్రిప్పు దాకా టిక్కెట్లు కొట్టింది. అలాంటి మనిషి కుట్లకి అరవడమేమిటని వరండాలో కూర్చున్న మొగుడికి మొదట భయం వేసింది, తరవాత నవ్వొచ్చింది. ఆ రోజునుంచి ఇంట్లో ఆమె పేరు సుకుమారి.

"సుకుమారీ, కాఫీ వేడిగా ఉంది, జాగ్రత్త." "సుకుమారీ, దుప్పటి గుచ్చుకుంటుందేమో." ఇలా పదకొండు రోజులుగా.

"నాకు ఆ రోజు సూది వెయ్యలేదు," అంది తలుపు. తలుపే అన్నట్టుంది, మనిషి కనబడకపోయేసరికి.

"మళ్ళీ మొదలెట్టావా?" కొడుకు గొంతు లేచింది. "మొన్న బుధవారం ఆసుపత్రికి పాప బర్త్ సర్టిఫికెట్ కోసం వెళ్ళినప్పుడు రిజిస్టరు ఫోటో తీసి తెచ్చి నీ మొహం ముందు పెట్టానా లేదా? మత్తు సూది, ఇచ్చాం, అని అక్షరాలా రాసుందా లేదా?"

"రాసుంది."

"మరి?"

"రాసుంది. వెయ్యలేదు."

అదే బస్సు డిపోలో అతను టైమ్ కీపరు. బస్సు వచ్చిందా లేదా అన్నది రోడ్డు చూసి కాక పుస్తకం చూసి చెప్పే ఉద్యోగం. ఆ మాట అతనికి మింగుడుపడలేదు. "నీతో నావల్ల కాదు. ఆటోవాణ్ణి ఆపి వస్తాను. అమ్మా, నువ్వైనా చెప్పు దీనికి," అని చెప్పులు టపటపలాడించుకుంటూ మెట్లు దిగిపోయాడు.

పెద్ద సిస్టరు తలుపు ముందు ఒంటరిగా మిగిలింది. ఒంటరిగా అంటే, చంకలో పిల్ల, భుజాన సంచి. ఆ సంచిలో కళ్ళజోడు పెట్టె. ఆ పెట్టెలో కళ్ళజోడు లేదు.

కాన్పుల గదిలో ఒక పద్ధతి ఉంది. బిడ్డ తల కనబడగానే, చేతులకి గ్లౌజులు తొడుక్కోకముందే, రిజిస్టర్లో తరవాతి గళ్ళన్నీ నింపేసుకుంటారు. మత్తు సూది, ఇచ్చాం. కుట్లు, వేశాం. గ్లౌజులు పడ్డాక కలం ముట్టుకోకూడదు, తరవాత రాద్దామంటే పక్క మంచం మీద ఇంకొకావిడ కేక పెడుతుంది. ఎలాగూ ఇచ్చేదే కదా, ముందు రాస్తే ఏం కొంపలంటుకుంటాయి? ఈ పద్ధతి పెట్టింది పెద్ద సిస్టరే. కొత్తగా చేరిన ఆడపిల్లలందరికీ దగ్గరుండి నేర్పింది.

కోడలి కాన్పు రోజున కూడా అలాగే రాసింది. రాసి, ఇంకో పని చేసింది. మందు చల్లగా ఉంటే ఎక్కించేటప్పుడు చురుక్కుమంటుంది. అందరికీ అంత తీరిక దొరకదు గాని, ఇది తన కోడలు. తల్లి లేని పిల్ల. అందుకని మందున్న చిన్న గాజుబుడ్డిని దూదిలో చుట్టి, ఒంటి వేడికి వెచ్చబడుతుందని గౌను లోపలి జేబులో వేసుకుంది.

బిడ్డ నీలంగా వచ్చింది. ఏడవలేదు. అంతే, ఆవిడకి లోకం లేదు. ముక్కు, నోరు శుభ్రం చేసింది, వీపు రుద్దింది, అరికాళ్ళు తట్టింది. డాక్టరమ్మ పరిగెత్తుకొచ్చేలోపు పిల్ల కెవ్వుమంది. పెద్ద సిస్టరు కూడా ఏడ్చేసింది. కళ్ళు భుజానికి తుడుచుకుని, గ్లౌజులు మార్చుకుని, కుట్ల పనికి కూర్చునే ముందు రిజిస్టరు వైపు ఒక్క చూపు చూసింది. 'ఇచ్చాం' అని ఉంది. తన చేతిరాతే. తన చేతిరాతని తను నమ్మింది.

"నొప్పి కాదమ్మా అది, లాగినట్టుంటుంది అంతే. మొద్దుబారిపోయింది. నువ్వు భయపడుతున్నావు," అని ఏడుసార్లు చెప్పింది.

తరవాత వారం పొడుగునా సెలవు, పసిదాని పని. ఇంటికి తెచ్చి తలుపు వెనక తగిలించిన గౌను ఉతకడానికి తీసింది మంగళవారంనాడు. జేబులో దూది తగిలింది. దూదిలో బుడ్డి. మెడ విరగలేదు, చుక్క తగ్గలేదు. ఆవిడ నీళ్ళు నిండిన బకెట్టు పక్కనే గచ్చుమీద చతికిలబడింది.

చెబుదామనే అనుకుంది. మంగళవారం సాయంత్రం అనుకుంది, బుధవారం పొద్దున అనుకుంది. ఒక్క బుడ్డి సంగతైతే చెప్పేసేదేమో. ఆ ఒక్కటీ బయటపడితే ఇరవై ఏడేళ్ళ రిజిస్టర్లూ నోళ్ళు తెరుస్తాయి. ఇంతకుముందు అరిచినవాళ్ళలో ఎంతమందికి ఇచ్చాను? ఎంతమందికి రాసి ఊరుకున్నాను? అందరికీ అదే మాట చెప్పానే, లాగినట్టుంటుంది అంతే అని!

"అత్తయ్యా," అంది కోడలు. గొంతు తలుపుకి బాగా దగ్గరగా వినబడింది. "మీ అబ్బాయి దిగాడా?"

"దిగాడు. అమ్మాయీ, పాపకి ఆకలేస్తోందే."

"ఒక్క మాట అడుగుతాను. నేను అబద్ధాలకోరునా?"

"అవేం మాటలే!"

"పోనీ పిచ్చిదాన్నా? మీరు వేసినవి ఏడు. నేను లెక్కపెట్టాను. సూది దిగడమే కాదు, వెనక దారం ఒరుసుకుంటూ పోవడం కూడా తెలిసింది. మొద్దుబారిన ఒంటికి దారం తెలుస్తుందా అత్తయ్యా?"

పెద్ద సిస్టరు పిల్లని ఆ చంకనుంచి ఈ చంకకి మార్చుకుంది.

"ఆయన మాటా వద్దు, ఆ ఫోటో వద్దు. మీరు చెప్పండి. మీరు చెబితే నమ్ముతాను. ఆ రోజు సూది ఇచ్చారా?"

ఇంత సూటిగా ఇప్పటిదాకా ఎవరూ అడగలేదు. ఇవ్వలేదు. నాలుగక్షరాలు. అవి ఆవిడ నాలుక మీదకి వచ్చాయి కూడా. పిల్ల కదిలింది. కింద ఆటో హారను కొట్టింది.

"పుస్తకంలో ఉంది కదమ్మా," అంది పెద్ద సిస్టరు.

"రాసింది మీరేగా?"

"నేనే."

లోపల గడియ తీసిన చప్పుడయింది.

కోడలు గుమ్మంలో నిలబడింది. జుట్టు దువ్వుకుంది, చీర మార్చుకుంది. రానని అంతసేపూ అన్న మనిషి అన్నీ సర్దుకునే ఉంది. కళ్ళు మాత్రం ఉబ్బిపోయాయి. పిల్ల కోసం చేతులు చాచి, ఒక పక్కకి ఒరిగి, మంచం అంచున ఒక్క తొడ మీద కూర్చుని పాలు పట్టింది. నిటారుగా కూర్చోలేక పదకొండు రోజులుగా అలాగే కూర్చుంటోంది.

"అయితే లోపం నాలోనే ఉందన్నమాట," అంది పిల్ల నెత్తిని చూస్తూ. "నా ఒంటికి మత్తు పట్టదు. కొందరికి అలా ఉంటుందేమో, కదూ? ఆ మాటే డాక్టరమ్మకి చెబుతాను."

"అమ్మాయీ..."

"మిమ్మల్ని అనుమానించాను. ఏమీ అనుకోకండి అత్తయ్యా."

ఏమీ అనుకోకూడదట! పెద్ద సిస్టరు సంచిని ఇంకాస్త దగ్గరికి లాక్కుంది. చెంపదెబ్బ కొట్టినా ఇంత బాధపడేది కాదు.

ఆసుపత్రికి చేరేసరికి తొమ్మిదీ పది. కుట్ల గది చిన్నది. ఎత్తైన బల్ల, పక్కన తెర, గోడకి గడియారం, కిటికీ కింద మేజామీద రిజిస్టరు. కొడుకు పిల్లనెత్తుకుని వరండాలో ఆగిపోయాడు. అత్తగారు లోపలికి వచ్చింది. ఆవిడ గది అది, రావద్దని ఎవరంటారు? కాకపోతే ఇవాళ గౌను లేదు, మామూలు చీరలో, కోడలి తల దగ్గర, చుట్టంలా నిలబడింది.

చిన్న సిస్టరు ట్రే సర్దుతోంది. సన్నగా, గబగబా, ఊపిరి తీసుకోకుండా మాట్లాడుతుంది గనక అందరూ పిచ్చుక అంటారు. "రండి సిస్టర్, మీరు లేక గది గదిలా లేదు సిస్టర్, అక్కా మీరు కాళ్ళిలా పెట్టండి, భయం లేదక్కా, రెండే, చీమ కుట్టినట్టుంటుంది."

"నీకెన్నిసార్లు కుట్టిందే ఆ చీమ?" అంది కోడలు.

పిచ్చుకకి పెళ్ళే కాలేదు. నాలిక కరుచుకుంది.

డాక్టరమ్మ చూసింది. చీము తగ్గిందంది, ఇవాళే వేసేయాలంది. అప్పుడు కోడలు చెప్పింది, తప్పు ఒప్పుకుంటున్నట్టు చిన్న గొంతుతో. "నాకు మత్తు పట్టదండీ. ఆ రోజు ఇచ్చారట. నాకు అంతా తెలిసింది."

"పట్టలేదా?" డాక్టరమ్మ పిచ్చుక వైపు చెయ్యి చాచింది. పాత పేజీ తిప్పి పట్టుకుంది పిచ్చుక. "నిజమే, ఒక బుడ్డి పూర్తిగా ఇచ్చినట్టుంది. బుడ్డి ఇచ్చినా పట్టలేదంటే ఇంకేం లాభం? ఒంటికంతా మత్తిచ్చే డాక్టరు సోమవారం గాని రాడు, పుండు అందాకా ఆగదు. వాచిన చోట ఆ సూదితో నాలుగు పోట్లు పొడవడం దండగ తల్లీ. గబగబా రెండూ వేసేస్తాను. గుడ్డేదైనా పళ్ళమధ్య పెట్టుకో."

"సరేనండి," అంది కోడలు.

అలా అంటుందని పెద్ద సిస్టరు అనుకోలేదు. తిడుతుందనుకుంది, బల్ల దిగి వెళ్ళిపోతుందనుకుంది. ఆ పిల్ల తువ్వాలు మడతపెట్టి నోట్లో పెట్టుకుని, కళ్ళు మూసుకుని, అత్తగారి చెయ్యి వెతికి పట్టుకుంది. టిక్కెట్లు చింపీ చింపీ గట్టిపడిన వేళ్ళు అవి.

మేజా దగ్గర పిచ్చుక గ్లౌజులు తొడుక్కోబోతూ ఆగి, వంగి, కొత్త పేజీలో చకచకా ఏదో రాసింది. పెద్ద సిస్టరుకి ఇక్కడినుంచే కనబడుతోంది. చదవక్కర్లేదు. ఆ గడి ఎక్కడుంటుందో, అందులో ఏం రాస్తారో ఆవిడకి తెలుసు. మత్తు సూది, ఇచ్చాం. ఇవ్వబోమని ఇప్పుడే డాక్టరమ్మ చెప్పినా సరే, ఆ పిల్ల చెయ్యి దాని పాటికది రాసుకుపోయింది.

డాక్టరమ్మ పటకారుతో సూది అందుకుంది. కోడలి వేళ్ళు బిగుసుకున్నాయి.

"ఆగండి," అంది పెద్ద సిస్టరు.

"ఏంటి సిస్టర్?"

"మత్తివ్వండి. ఆ అమ్మాయికి పడుతుంది."

"పట్టలేదని పేషెంటే చెబుతుంటే..."

"పట్టకపోవడం కాదండీ. నేను ఇవ్వలేదు."

పిచ్చుక కలం మూత కింద పడి దొర్లింది. పెద్ద సిస్టరు ఎడంచేత్తో సంచి తెరిచి, కళ్ళజోడు పెట్టె తీసి, మేజామీద పెట్టి మూత ఎత్తింది. దూదిలో బుడ్డి.

"వెచ్చబడుతుందని జేబులో వేసుకున్నాను. పాప ఏడవకపోయేసరికి అటు పరిగెత్తాను. వచ్చి పుస్తకం చూశాను. ఇచ్చాం అని ఉంది. ఇచ్చాననుకుని కుట్టేశాను." అంతా ఒక్క గుక్కలో అనేసింది. "తప్పు నాదండీ. ముందే రాయడం పిల్లలకి నేర్పిందీ నేనే. వీళ్ళని ఏమీ అనకండి."

డాక్టరమ్మ పటకారు ట్రేలో పెట్టేసింది.

కోడలు నోట్లోంచి తువ్వాలు తీసింది. "ఎప్పుడు దొరికింది?"

ఇవాళే అనొచ్చు. ఇంట్లోంచి బయల్దేరేటప్పుడు దొరికింది అనొచ్చు. చూసినవాళ్ళెవరూ లేరు. ఆ అబద్ధం ఎంత సుళువుగా పెదాల మీదకొచ్చిందంటే, పెద్ద సిస్టరుకి తనంటే తనకే భయం వేసింది.

"మంగళవారం," అంది.

"ఏ మంగళవారం? పాప పుట్టిన మంగళవారమా?"

"కాదమ్మా. మొన్నటి మంగళవారం."

కోడలు వేళ్ళమీద లెక్కపెట్టలేదు గాని లెక్క చూస్తోందని తెలుస్తూనే ఉంది. "బుధవారం మీ అబ్బాయి ఫోటో తెచ్చాడు. నన్ను అబద్ధాలకోరన్నాడు. మీరు నా పక్కనే కూర్చుని ఉన్నారు."

"ఉన్నాను."

"పాప గుడ్డలు మడతపెడుతున్నారు."

"అవును."

"ఇందాక తలుపు దగ్గర కూడా అడిగాను."

"అడిగావు."

కోడలు చెయ్యి వెనక్కి తీసుకుంది. విదిలించలేదు, మెల్లగానే తీసుకుంది. "చిన్న సిస్టరూ, ఆ పుస్తకం మూసెయ్యి. డాక్టరుగారూ, మందివ్వండి. పట్టిందో లేదో నేను చెబుతాను. చెప్పేదాకా ముట్టుకోకండి." తరవాత అత్తగారి మొహం వైపు చూడకుండా అంది: "బయట ఆయనున్నాడు. ఈ మాట ఆయనకీ చెప్పండి. తెర ఉందిగా, తలుపు తీసే ఉంచండి. నాకు వినబడాలి."

పెద్ద సిస్టరు తలుపు తీసుకుని వరండాలోకి వచ్చింది. ఇరవై ఏడేళ్ళలో ఆ గదిలోంచి ఆవిణ్ణి బయటికి పంపినవాళ్ళు లేరు.

కొడుకు పిల్లని భుజాన వేసుకుని అటూ ఇటూ తిరుగుతున్నాడు. అమ్మని చూడగానే మొహం విప్పారింది.

"అప్పుడే అయిపోయిందా? ఇవాళ కిక్కురుమనలేదే మన సుకుమారి!"

"ఇంకా మొదలవ్వలేదురా."

"మరి?"

"ఆ రోజు సూది ఇవ్వలేదు. నేను మర్చిపోయాను. అది చెప్పిందంతా నిజం."

అతను నవ్వాడు. "ఊరుకో అమ్మా. దాన్ని దారికి తేవడానికి నువ్వు కూడా దాని పాటే పాడతావా?" ఒక చేత్తో జేబులోంచి ఫోను తీసి, ఫోటో వెతికి, వేళ్ళతో పెద్దది చేసి ఆవిడ కళ్ళముందు పెట్టాడు. "ఇదిగో. ఇచ్చాం. ఇది నీ రాతా, కాదా?"

ఫోను అద్దంలో ఆ అక్షరాలు వేలెడంతయ్యాయి. గుండ్రంగా, ముచ్చటగా, ఒక్క కొట్టివేత లేకుండా ఉన్నాయి.

"నా రాతే. ఇవ్వకముందే రాశాను. మంగళవారం నుంచీ తెలుసురా నాకు. నువ్వు ఈ ఫోటో తెచ్చిననాటికే తెలుసు."

అతని నవ్వు వెంటనే పోలేదు. ఎటు పోవాలో తెలియనట్టు మొహం మీదే కాసేపు ఉండిపోయింది. ఫోను చేతిలో ఆరిపోయింది.

భుజం మీద పిల్ల ఏడుపు మొదలుపెట్టింది. అలవాటుకొద్దీ పెద్ద సిస్టరు చేతులు చాచింది. అతను పిల్లని ఇవ్వలేదు. ఒక అడుగు వెనక్కి వేశాడు.

తెరిచిన తలుపులోంచి కోడలి గొంతు వినబడింది, బస్సులో టిక్కెట్టడిగే గొంతు.

"ఇంకా తెలుస్తోంది. ఆగండి."